దానికేం కావాలట?

"ది ఎక్సార్సిస్ట్" పేరెత్తగానే మనవాళ్ళ దగ్గర నాకు వినిపించే మొదటి మాట, "ఏముందండీ, భయమే వెయ్యలేదు" అని. రెండోది, "మొదటి గంటంతా ఆస్పత్రి గొడవే కదా" అని. ఈ రెండు మాటలూ అనేవాళ్ళు ఎక్కువగా ఈ తరం పిల్లలు. రాత్రి పన్నెండింటికి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మధ్యమధ్య వాట్సాప్ చూసుకుంటూ చూసినవాళ్ళు. వాళ్ళతో నాకు పేచీ లేదు. యాభై ఏళ్ళుగా ప్రతి దెయ్యం సినిమా దీని జేబులోంచి ఏదో ఒకటి కొట్టేస్తూనే ఉంది. వెనక్కి తిరిగే తల, గాల్లోకి లేచే ఒళ్ళు, ఆడపిల్ల నోట్లోంచి వచ్చే బొంగురు గొంతు, ఇవన్నీ ముందే చూసేసి ఆఖర్న అసలు దగ్గరికి వచ్చినవాడికి అదే నకలులా కనిపిస్తుంది. అందులో వాడి తప్పేం లేదు.

నన్ను పట్టుకున్నది మూడో మాట. అది మా పిన్నిది. డెబ్భై దాటిన మనిషి, ఇంగ్లీషు రాదు. పిల్లలు చూస్తుంటే వాళ్ళ వెనక కూర్చుని, అర్థం కానిచోట అడిగి చెప్పించుకుంటూ మొత్తం చూసింది. అయిపోయాక ఒక్కటే అడిగింది: "అంతా బానే ఉంది గానీ, ఇంతకీ దానికేం కావాలట?"

ఈ సినిమా గురించి నేను చదివినవాటిలో, విన్నవాటిలో ఇంత సూటి ప్రశ్న ఇంకోటి లేదు. పైగా ఈ ప్రశ్నే వేరే రూపంలో ఆ కథ రాసినాయన్ని దాదాపు ముప్ఫై ఏళ్ళు నిద్రపోనివ్వలేదు. అది తర్వాత చెప్తాను.

చూడనివాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో. విలియం పీటర్ బ్లాటీ జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న రోజుల్లో, 1949లో, ఒక కుర్రవాడికి కాథలిక్ ఫాదర్లు దెయ్యం వదిలించారన్న వార్త అమెరికా పత్రికల్లో వచ్చింది. అది ఆయన మనసులో ఇరవయ్యేళ్ళు నాని, 1971లో నవలగా బయటికొచ్చింది. కుర్రవాడు కాస్తా నవలలో పన్నెండేళ్ళ ఆడపిల్ల రేగన్ అయ్యాడు. అంతకుముందే "ఫ్రెంచ్ కనెక్షన్"కి ఆస్కార్ తీసుకున్న విలియం ఫ్రీడ్కిన్ దాన్ని సినిమాగా తీశాడు. 1973 డిసెంబర్ 26న విడుదలైంది. రేగన్ తల్లి క్రిస్ సినిమా నటి, భర్త నుంచి విడిపోయింది. షూటింగ్ కోసం వాషింగ్టన్‌లో అద్దె ఇంట్లో ఉంటుంది. పిల్ల ప్రవర్తన మారుతుంది. డాక్టర్ల చుట్టూ తిరుగుతుంది. ఎవరివల్లా కాదు. చివరికి కారస్ అనే యువ ఫాదరూ, మెరిన్ అనే ముసలి ఫాదరూ వస్తారు. పిల్ల బతుకుతుంది, ఇద్దరు ఫాదర్లూ చచ్చిపోతారు.

ఇక అప్పటి ప్రేక్షకులు. ఈ సినిమా చూసి జనం స్పృహ తప్పారనీ, వాంతులు చేసుకున్నారనీ, మధ్యలో లేచి పారిపోయారనీ అందరూ విన్నదే. మొదట రెండు డజన్ల థియేటర్లలోనే వేశారు. గడ్డకట్టే చలిలో న్యూయార్క్ వీధుల్లో గంటలకొద్దీ వరసల్లో నిలబడ్డారు. బిల్లీ గ్రాహం అనే పేరుమోసిన క్రైస్తవ ప్రచారకుడు ఆ సినిమాలోనే దుష్టశక్తి ఉందన్నట్టు మాట్లాడాడు. 1975లో ఒక వైద్య పత్రిక, ఈ సినిమా చూశాక మానసికంగా దెబ్బతిన్న నలుగురి గురించి వ్యాసం కూడా వేసింది. బ్రిటన్‌లో అయితే 1980ల చివర్నుంచి 1999 దాకా దీని వీడియో చట్టబద్ధంగా దొరికేది కాదు.

ఇందులో నాకు ఆసక్తి కలిగించేది వేరే విషయం. స్పృహ తప్పినవాళ్ళలో చాలామంది తప్పింది దెయ్యాన్ని చూసి కాదట. మెదడులో ఏముందో చూడ్డానికి పిల్ల మెడలో సూది గుచ్చి, రక్తనాళంలోకి మందు ఎక్కించి, ఎక్స్‌రేలు తీసే సన్నివేశం ఒకటుంది. దర్శకుడూ రచయితా ఇద్దరూ ఇదే చెప్పేవారు, జనం తట్టుకోలేకపోయింది అక్కడేనని. ఆ సన్నివేశంలో దెయ్యం లేదు, మంత్రం లేదు, సంగీతం కూడా లేదు. తెల్లటి గది, దడదడమని కొట్టుకునే యంత్రం, సన్నటి ధారగా చిమ్మే నెత్తురు, "కొంచెం నొప్పిగా ఉంటుంది, కదలకు" అని మర్యాదగా చెప్పే మనుషులు. మన పిల్లలు "ఆస్పత్రి గొడవ" అని ముందుకు జరిపేసేది సరిగ్గా దీన్నే.

మొదటి గంట గురించి నా అభిప్రాయం ఏమిటంటే, సినిమా అదే. తర్వాతది దానికి ప్రతిఫలం. ఒంట్లో బాగాలేని పిల్లను తీసుకుని గది తర్వాత గది తిరిగిన తల్లి ఎవరైనా ఆ గంటను బోరు అనలేదు. మొదట నరాల జబ్బు అంటారు, మందు రాసిస్తారు. తర్వాత మెదడులో పుండు అంటారు, ఫోటోల్లో ఏమీ కనపడదు. మళ్ళీ వెన్నులోంచి నీరు తీస్తారు. తర్వాత మానసికం అంటారు. ఒక్కో డాక్టరూ తన ముందువాడి కంటే కాస్త మెల్లగా, కాస్త ఎక్కువ జాలిగా మాట్లాడతాడు. ఎలెన్ బర్స్టిన్ ముఖం చూడండి. ఆ జాలి పెరిగేకొద్దీ ఆవిడకు కాలికింద నేల జారిపోతూ ఉంటుంది. ఆఖరికి బల్ల చుట్టూ కూర్చున్న డాక్టర్లలో ఒకాయన గొంతు సవరించుకుని, మీకు మతనమ్మకాలేమైనా ఉన్నాయా, భూతోచ్చాటన గురించి విన్నారా అని అడుగుతాడు. ఆవిడ మంటెత్తిపోతుంది. నా బిడ్డని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్ళమంటున్నారా అని.

నాకు బాగా తెలిసిన ఒక మానసిక వైద్యురాలికి ఈ సినిమా అంటే మంట. ఆవిడ అభిప్రాయం కొట్టిపారేసేది కాదు. "డాక్టర్లు ఓడిపోయారు, మంత్రం గెలిచింది అని చూపిస్తే, అసలే తాయెత్తులకీ దర్గాలకీ తిరిగి తిరిగి, రెండేళ్ళు ఆలస్యంగా నా దగ్గరికి వచ్చేవాళ్ళకి ఇంకేం చెప్పను?" అంటుంది. పట్టిందని చెప్పి గొలుసులతో కట్టేసిన పిల్లల్ని ఆవిడ చూసింది. ఈ అభ్యంతరానికి "సినిమాని సినిమాగా చూడాలి" లాంటి అరిగిపోయిన సమాధానం చెప్పడం నాకిష్టం లేదు. కానీ సినిమా నిజంగా ఏం చూపించిందో చూస్తే అది ఆవిడ అన్నంత తేలిగ్గా లేదు. భూతోచ్చాటన మాట ఎత్తింది డాక్టర్లే, అదీ నమ్మి కాదు. పిల్ల తనకు దెయ్యం పట్టిందని నమ్ముతోంది కాబట్టి, వదిలిందన్న నమ్మకం కూడా పనిచెయ్యొచ్చని. ఆ మాట పట్టుకుని తల్లి కారస్ దగ్గరికి వెళ్తే, ఆయన మానసిక వైద్యం చదువుకున్నవాడు, ఈ కాలంలో అవన్నీ ఎవరు చేస్తారమ్మా, ముందు మంచి డాక్టర్లకి చూపించండి అంటాడు. ఆస్పత్రి చర్చికి పంపింది, చర్చి ఆస్పత్రికి పంపింది. మధ్యలో నల్లకళ్ళద్దాల వెనక ఏడుస్తూ తల్లి. ఈ తిప్పటని మన ఊళ్ళలో చూడనివాళ్ళెవరు? రిపోర్టుల కవర్ ఒక చేతిలో, నిమ్మకాయ ఇంకో చేతిలో.

అయినా, ఆ వైద్యురాలి మాటలో ఒకటి నిజం. చివరికి మంచం గాల్లోకి లేస్తుంది, పిల్ల తల పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. అక్కడితో "ఇది జబ్బా, దెయ్యమా" అన్న సందేహానికి చోటు లేకుండా పోతుంది. యండమూరి "తులసిదళం" ఒకప్పుడు మనవాళ్ళని ఊపేసినప్పుడు, ఒక చిన్నపిల్ల మంచం చుట్టూ డాక్టర్లూ మంత్రగాళ్ళూ పందెం కాసినట్టు నిలబడి ఉంటారు కదా. ఆ ఊగిసలాటలోనే పాఠకుడికి ఊపిరాడదు. ఫ్రీడ్కిన్ ఊగిసలాటని సగం దూరంలోనే ఆపేశాడు.

ఇప్పుడు మా పిన్ని ప్రశ్న.

మన దగ్గర దెయ్యం పట్టడానికి ఒక పద్ధతి ఉంది. భాషలోనే ఉంది. దేవత అయితే పూనుతుంది, దెయ్యం అయితే పడుతుంది. పూనినా పట్టినా అడగాల్సిన ప్రశ్నలు మాత్రం అవే: ఎవరు నువ్వు? ఎక్కడినుంచి వచ్చావు? ఏం కావాలి? వేపమండ పట్టుకున్న భూతవైద్యుడు ముందు అడిగేది ఇదే. రానిది వచ్చి కూర్చుందంటే దానికి ఒక పేరుంటుంది, ఊరుంటుంది, తీరని కోరిక ఒకటుంటుంది. చీర పెట్టమంటుంది. కోడిని కొయ్యమంటుంది. ఫలానా చింతచెట్టు కింద దీపం పెట్టమంటుంది. అత్తగారి మీద ఉన్న అక్కసంతా కోడలి నోట ఎవరో చచ్చిపోయిన ఆడపడుచు వచ్చి కక్కిపోవడం మా ఊళ్ళో నేను చిన్నప్పుడు విన్నాను. మామూలు రోజుల్లో తలెత్తి మాట్లాడని ఆవిడ ఆ పూట అత్తని "ఒసే" అంది. ఎవరూ ఏమీ అనలేదు, మాట్లాడుతున్నది ఆవిడ కాదు కదా! మర్నాడు మళ్ళీ తలవంచుకుని అంట్లు తోముకుంది. పట్టడం అంటే మనకి ఒక రకంగా అర్జీ పెట్టుకోవడం.

మన దెయ్యం సినిమాలన్నీ ఈ అర్జీ మీదే నడుస్తాయి. రాంగోపాల్ వర్మ "రాత్రి"లో, 1992లో, రేవతికి పట్టినదాని వెనక ఆ ఇంట్లో జరిగిన ఒక చావు ఉంది. "అరుంధతి"లో పశుపతికి ఏం కావాలో చంటిపిల్లకి కూడా తెలుసు. 2022లో వచ్చిన "మసూద" కథా దాదాపు "ఎక్సార్సిస్ట్" ముగ్గులోనే మొదలవుతుంది. భర్తకి దూరంగా ఉంటున్న తల్లి, ఒక్కగానొక్క కూతురు, సాయానికి వచ్చే భయస్థుడైన ఒక మగమనిషి. సంగీత ఆ తల్లి పాత్రలో చాలా బాగా చేసింది. ఆ సినిమా మొదటి సగం మీద నాకు గౌరవం ఉంది. కానీ రెండో సగం వచ్చేసరికి మసూద ఎవరు, ఎలా చచ్చింది, ఎక్కడ పాతిపెట్టారు అని వెతుక్కుంటూ పోవాల్సిందే. "చంద్రముఖి" ఇంకా విచిత్రం. అక్కడ వైద్యం చేసేవాడు మానసిక వైద్యుడు, దెయ్యం లేదని అతనికి తెలుసు. అయినా చివరికి చేసేది ఏమిటి? ఆ లేని దెయ్యం కోరిన పగ తీరినట్టు నాటకం ఆడించడమే. అర్జీని డాక్టరు కూడా కాదనలేకపోయాడు.

ఈ అలవాటుతో "ఎక్సార్సిస్ట్" చూస్తే మనకి ఏదో అరగనట్టే ఉంటుంది. కారస్ అడుగుతాడు, ఎవరు నువ్వు అని. నేను దెయ్యాన్నే అంటుంది, ఈ కట్లు విప్పమంటుంది. అంతే. పేరు లేదు, చావు లేదు, పగ లేదు. ఇరాక్‌లో తీసిన మొదటి పది నిమిషాల్లో మెరిన్ తవ్వకాల్లో పాత విగ్రహం ముందు నిలబడి చూడటం తప్ప, ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పరు. ఈ పిల్లనే ఎందుకు పట్టింది? ఆ కుటుంబం చేసిన పాపం ఏమైనా ఉందా? లేదు. పిల్ల ఒక ఆటబల్లతో ఒంటరిగా ఆడుకుంది, అంతే.

జేమ్స్ బాల్డ్విన్ 1976లో సినిమాల మీద ఒక పుస్తకం రాస్తూ, దాని చివర ఈ సినిమాని పట్టుకుని ఉతికి ఆరేశాడు. ఆయన అభ్యంతరం మా పిన్ని ప్రశ్నకి దగ్గరి చుట్టం. సైతానుని చూడ్డానికి మంచాలు గాల్లోకి లేవక్కర్లేదు, నేను వాణ్ణి మామూలు మనుషుల కళ్ళలో, చివరికి నా అద్దంలో కూడా చూశాను అన్న ధోరణిలో రాశాడు. నల్లవాడిగా అమెరికాలో పుట్టి పెరిగినవాడికి చెడు అంటే ఏమిటో ఒక పచ్చటి వాంతి నేర్పక్కర్లేదు. ఈ సినిమా చూసి వచ్చిన అభిప్రాయాలన్నిటిలో ఇది చాలా బరువైనది. పాలీన్ కేల్ "న్యూయార్కర్"లో కాథలిక్ చర్చికి ఇంతకంటే పెద్ద ప్రచారం ఇంకోటి లేదన్నట్టు వెటకారం చేసింది. రోజర్ ఈబర్ట్ నాలుగు నక్షత్రాలూ ఇచ్చి, జనం దీన్ని ఎందుకు చూడాలనుకుంటున్నారో మాత్రం తెలియడం లేదని తల గోక్కున్నాడు. అవన్నీ తెలివైన మాటలే. బాల్డ్విన్ మాట మాత్రం గుచ్చుకుంటుంది. ఎందుకంటే ఆయన సినిమాని భయం వేసిందా లేదా అన్న తూకంతో తూచలేదు, అబద్ధం చెప్పిందా లేదా అని అడిగాడు.

నేను ఆయనతో సగందూరం వెళ్ళి ఆగిపోతాను. ఆగేది కారస్ తల్లి దగ్గర.

ఈ సినిమాని నేను ఇరవైల్లో మొదటిసారి చూసినప్పుడు ఆ ముసలావిడ నా కళ్ళకి ఆనలేదు. ఈమధ్య చూస్తే సినిమా అంతా ఆవిడే ఉంది. న్యూయార్క్‌లో ఒక ఇరుకు అపార్ట్‌మెంట్, కాలికి కట్టు, రేడియోలో వాళ్ళ దేశపు పాట. వేరే దేశం నుంచి వచ్చి ఇంగ్లీషు సరిగ్గా రాని తల్లి. కొడుకు బాగా చదువుకున్నాడు, పెద్ద ఊళ్ళో పెద్ద పదవిలో ఉన్నాడు, అప్పుడప్పుడూ వచ్చి కట్టు మారుస్తాడు. ఇక్కడ ఒక్కదానివే ఎలా ఉంటావమ్మా అంటాడు. నా ఇల్లు వదిలి రాను అంటుంది. తర్వాత ఆవిడకి మతి చెదిరితే, డబ్బుల్లేక సర్కారు ఆస్పత్రి పిచ్చివార్డులో వేస్తారు. కొడుకు వెళ్ళేసరికి చుట్టూ అరుపులు, మంచం మీద తల్లి, అతన్ని చూసి మొహం తిప్పుకుంటుంది. ఆ తర్వాత ఇంట్లో ఒంటరిగా చచ్చిపోతుంది. ఎవరికీ రెండు రోజులదాకా తెలియదు.

ఈ కథ తెలుగులో మనం ఎన్నిసార్లు చదివాం! ఒకాయన కాలిఫోర్నియాలో, తల్లి తెనాలిలో. ప్రవాస కథల సంకలనం ఏది తీసినా నాలుగైదుంటాయి. వాటిల్లో కొడుకు ఆఖర్న ఏడుస్తాడు, లేదా ఒక ఉత్తరం దొరుకుతుంది. ఇక్కడ దొరికేది ఉత్తరం కాదు. మంచానికి కట్టేసిన పన్నెండేళ్ళ పిల్ల నోట్లోంచి, ఆ తల్లి యాసలో, కొడుకుని ముద్దుపేరుతో పిలుస్తూ, నాకెందుకిలా చేశావురా అన్న గొంతు వస్తుంది. తల వెనక్కి తిరిగినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఈ గొంతు విన్నాక సినిమా ఆపేసి కాసేపు బాల్కనీలో నిలబడాల్సి వచ్చింది. వయసొచ్చిన తల్లిదండ్రులు దూరంగా ఉన్నవాళ్ళెవరైనా "భయం వెయ్యలేదు" అంటే మాత్రం వాళ్ళు సినిమా చూడలేదనుకుంటాను.

ఇక్కడ మా పిన్నికి సగం జవాబు దొరుకుతుంది. దానికి పిల్ల అక్కర్లేదు. పిల్ల మంచం చుట్టూ నిలబడ్డవాళ్ళు కావాలి. తల్లికి, కూతుర్ని చూసుకోలేకపోయానన్న బెంగని చూపిస్తుంది. కొడుక్కి తల్లిని వదిలేశానన్న తప్పుని వినిపిస్తుంది. ముసలి ఫాదరుకి గుండెజబ్బుంది, ఆయన కోసం ఎదురుచూస్తుంది. ఇక్కడే నేను బాల్డ్విన్‌తో విడిపోతాను. ఆయన అద్దంలో చూశానన్నదాన్నే ఇదీ చూపిస్తోంది, కాకపోతే పచ్చటి వాంతి అడ్డం పడి కనపడనివ్వలేదు.

ఈ మాటని బ్లాటీ సినిమాలో నోటితోనే చెప్పించాలనుకున్నాడు. ఉచ్చాటన మధ్యలో అలిసిపోయి, ఫాదర్లిద్దరూ మెట్ల మీద కూర్చుంటారు. ఈ పిల్లనే ఎందుకు అని కారస్ అడుగుతాడు. మనల్ని నిరాశలో ముంచడానికి, మనం వట్టి జంతువులం, దేవుడు ప్రేమించదగ్గవాళ్ళం కామని మనచేత నమ్మించడానికి అన్న అర్థం వచ్చేలా మెరిన్ చెప్తాడు. ఫ్రీడ్కిన్ ఆ సంభాషణని కత్తిరించేశాడు. సినిమా చూపిస్తున్నదాన్ని మళ్ళీ మాటల్లో చెప్పడం దేనికని ఆయన వాదం. బ్లాటీకి అది మానని పుండయింది. అంతకన్నా పెద్ద పుండు ముగింపు.

ముగింపులో కారస్, దమ్ముంటే నాలోకి రా అని దాన్ని సవాలు చేస్తాడు. అది వస్తుంది. అతని కళ్ళు మారతాయి, చేతులు పిల్ల గొంతు వైపు వెళ్తాయి. ఒక్క క్షణం మళ్ళీ తన ముఖం తనకొస్తుంది. ఆ క్షణంలో కిటికీలోంచి దూకేసి, పక్కనున్న 75 మెట్ల మీదుగా దొర్లి చచ్చిపోతాడు. బ్లాటీ దృష్టిలో ఇది త్యాగం, ప్రేమ గెలిచిన కథ. 1973లో చూసి బయటికొచ్చినవాళ్ళలో చాలామంది మాత్రం దెయ్యం గెలిచిందనుకున్నారు. అది ఇద్దరు ఫాదర్లనీ చంపేసి పోయింది కదా! విశ్వాసి అయిన రచయిత దేవుడి కోసం రాసిన కథని, జనం సైతాను విజయంగా చదువుకుని ఇంటికెళ్ళారు. ఏ రచయితకైనా ఇది నరకమే.

2000లో ఫ్రీడ్కిన్ చివరికి మెత్తబడ్డాడు. తీసేసిన పది, పదకొండు నిమిషాలు కలిపి మళ్ళీ విడుదల చేశారు. మెట్ల మీది సంభాషణ వచ్చింది. ఆఖర్న పోలీసు ఆఫీసరూ, కారస్ మిత్రుడైన ఫాదర్ డయ్యరూ సినిమాకి వెళ్దామా అని కబుర్లాడుకునే దృశ్యం వచ్చింది. జీవితం మళ్ళీ మామూలైంది, మంచే మిగిలిందని ప్రేక్షకుడికి భుజం తట్టి చెప్పడానికి. వీటితోపాటు పిల్ల సాలీడులా వెల్లకిలా మెట్లు దిగే దృశ్యం కూడా వచ్చింది. ఇప్పటి కుర్రాళ్ళకి బాగా నచ్చేది ఇదొక్కటే.

ప్రేక్షకులు తప్పుగా అర్థం చేసుకున్నారని, ఇరవై ఏడేళ్ళ తర్వాత సినిమాని సరిచేశారన్నమాట. నాకు ఈ సరిచేసిన రూపం నచ్చదు. మెరిన్ చెప్పే జవాబు గొప్పదే. కానీ జవాబు చేతికొచ్చాక ఆ గది మనకి ఒక పాఠం అయిపోతుంది. చెప్పనప్పుడు మంచం చుట్టూ నిలబడ్డవాళ్ళలో మనమూ ఒకళ్ళం, దెయ్యం మన గురించి ఏం తెలుసుకుందోనని బిక్కుబిక్కుమంటూ. "దెయ్యమే గెలిచింది" అనుకుని వణుకుతూ బయటికొచ్చిన 1973 ప్రేక్షకుడు, రచయిత అనుకున్నదానికి చాలా దగ్గరికే వచ్చాడని నా నమ్మకం. నిరాశలో ముంచడమే దాని పని అయితే, వాణ్ణి ముంచింది కదా. బ్లాటీ దాన్ని ఓటమిగా చూశాడు. నాకు అది ఆ మెట్ల మీది సంభాషణకంటే పక్కా రుజువుగా కనిపిస్తుంది.

సినిమాని ఇంత వెనకేసుకొచ్చాక, నాకు మింగుడుపడని సంగతి కూడా చెప్పాలి. దీన్ని నాకు ముందుగా ఎత్తి చూపించింది ఆ వైద్యురాలే. ఇంత జరిగాక రేగన్‌కి ఏమీ గుర్తుండదు. మన ఊరి కోడలికి పట్టినప్పుడు అది ఆవిడ అక్కసు, ఆవిడ గొంతు. దెయ్యం అబద్ధమైనా మాట నిజం. రేగన్ నోట వచ్చేది ఒక్కటీ రేగన్‌ది కాదు. బూతులు, మగవాళ్ళ తప్పులు, పరాయి తల్లి ఏడుపు, అన్నీ ఇతరులవే. మాట్లాడే గొంతు కూడా లిండా బ్లేర్‌ది కాదు, మెర్సిడెస్ మకేంబ్రిడ్జ్ అనే నటిది. తండ్రి పుట్టినరోజుకి ఫోన్ చెయ్యలేదని తల్లి ఫోన్లో కేకలేస్తుంటే, ఆ పిల్ల పక్కగదిలో నిలబడి వింటుంది. అక్కడ ఒక కథ ఉంది. సినిమా ఆ తలుపు తీసి, తొంగిచూసి, మళ్ళీ వేసేసింది. 1949లో వార్తలకెక్కినది కుర్రవాడు. అతన్ని ఆడపిల్లని చేసింది ఎందుకు? తెర మీద ఆడపిల్ల ఒళ్ళు చెడిపోతుంటే చూసే భయం, మగపిల్లవాడితో రాదన్న లెక్క దాని వెనక ఉన్నట్టే నాకనిపిస్తుంది. శిలువ సన్నివేశం చూసినవాళ్ళకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. ఇద్దరు మగవాళ్ళ విశ్వాసానికి ఆ పిల్ల శరీరం ఒక రంగస్థలం అయింది. అది ఎంత గొప్ప నాటకమైనా, రంగస్థలానికి ఎలా ఉందని అడిగినవాళ్ళు లేరు.

"మసూద"లో కూడా ఇదే లోటు. నాజియాకి ఏమవుతోందో తల్లికీ పక్కింటి గోపీకీ అయినంత మనకి ఆ పిల్ల వైపునుంచి ఎప్పుడూ తెలియదు. "రాత్రి" ఈ ఒక్క విషయంలో నయం. అందులో చాలాసేపు మనం రేవతి కళ్ళతోనే చూస్తాం. మనుషులు లేని ఊళ్ళో బస్సు దిగి నడిచే కల, నిండుగా ఉన్న సినిమా హాల్లో ఉన్నట్టుండి కుర్చీలన్నీ ఖాళీ అయిపోవడం, ఇవన్నీ పట్టినవాళ్ళ లోపలినుంచి చూసినవి. పట్టడం అంటే ముందు ఒంటరైపోవడం అని ఆ ఖాళీ కుర్చీలు చెప్పినంత బాగా ఏ భూతవైద్యుడూ చెప్పలేదు. అప్పట్లో మనవాళ్ళు ఆ సినిమాని పెద్దగా పట్టించుకోలేదు.

ఫ్రీడ్కిన్ రేగన్ లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఒక్కసారి మాత్రం దగ్గరదాకా వచ్చాడు. చివర్లో తల్లీకూతుళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతుంటారు. ఫాదర్ డయ్యర్ వీడ్కోలు చెప్పడానికి వస్తాడు. దానికేమీ గుర్తులేదు అని తల్లి అప్పుడే చెప్పి ఉంటుంది. రేగన్ మర్యాదగా నవ్వి పలకరించి, అతని మెడ దగ్గర తెల్లటి ఫాదరు కాలర్ వైపు చూస్తుంది. చూపు అక్కడే ఆగిపోతుంది. ఉన్నట్టుండి అతన్ని దగ్గరికి లాక్కుని బుగ్గ మీద ముద్దుపెట్టి, కారెక్కేస్తుంది.